గాలిరాయుడి నమోదు

ఇదిగో, అక్కడ గోడకానుకుని ఫోను గీకుతున్న పెద్దమనిషీ, మిమ్మల్నే! కాస్త తలెత్తండి. ఆ మెడ ఇంకొంచెం వంగితే ఎవరైనా పగ్గం వేసి తోలుకుపోగలరు. మీరు మహా తెలివైనవారని మీ ఇంట్లోవాళ్లు అంటుంటారట, ముఖ్యంగా మీరు పక్కన లేనప్పుడు. మిమ్మల్ని ఎవ్వరూ బోల్తా కొట్టించలేరని మీ నమ్మకం. మరి మొన్న 'అభినందనలు, మీరు ఎంపికయ్యారు' అని మెసేజి వస్తే అటూ ఇటూ చూసి గబుక్కున నొక్కిందెవరు? సరే, సరే, ముఖం తిప్పుకోకండి. మీకంటే గట్టివాడు సూళగిరిలో ఒకడున్నాడు. ఆయన సంగతి వింటే మీకు మీ మీద కాస్త గౌరవం పెరుగుతుంది.

ఆయన పేరు తిమ్మరాయప్ప. హొసూరు నుంచి కృష్ణగిరి పోయే హైవే పక్కన సర్వీసు రోడ్డులో ఆయనకో అంగడి ఉంది. ఎద్దుల మెడకు కట్టే గంటలు, మువ్వల పట్టీలు, ముకుతాళ్లు, పగ్గాలు, కొమ్ములకు పూసే రంగులు అమ్ముతాడు. చదువు అయిదో క్లాసులో ఆగింది. ఆయనే ఆపాడో, బడివాళ్లు దండం పెట్టి ఆపించారో, ఆ సంగతి మనిషికొక రకంగా చెబుతాడు. అబద్ధం ఆయనకు వక్కాకు లాంటిది. నోట్లో లేకపోతే తోచదు. పక్కన ఫ్యాన్సీ స్టోరు నడిపే ముఖేశ్ చేత, మంత్రిగారు నడిచి వస్తున్నారని చెప్పి, రోడ్డంతా నీళ్లు చల్లించి ముగ్గు వేయించాడు. బేరిగైకి దారి అడిగిన కొత్తవాణ్ణి, "ముందర తారు పోసినారప్పా, చెప్పులు అంటుకుంటాయి, చేత్తో పట్టుకొని పో" అని ఎండలో ఉత్త కాళ్లతో నడిపించాడు.

దీనికి ఫలితం కూడా ఆయనే అనుభవించాడు. ఒకసారి కట్టెల కుప్పలో నిజంగానే తేలు కుట్టింది. "తేలు, తేలు" అని ఆయన గెంతుతుంటే భార్య కాళమ్మ గడప మీద కూర్చుని, "ఈ ఆట మాత్రం బలే ఆడినావయ్యా" అని చప్పట్లు కొట్టింది. కాలు గుమ్మడికాయంత అయ్యాకగాని ఆటో పిలవలేదు. ఆ కథను ఆయన అందరికీ చెప్పి నవ్విస్తాడు. కానీ ఒంటరిగా ఉన్నప్పుడు అది గుర్తొస్తే ఆయనకు నవ్వు రాదు. నొప్పి తగ్గిపోయింది, ఆ చప్పట్లు మాత్రం ఇంకా వినిపిస్తుంటాయి.

ఇక సహన. ఆమె తిమ్మరాయప్ప చెల్లెలు కదిరమ్మ కూతురు. హొసూరులో ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రాములు రాస్తుంది. ఈసారి ఎద్దుల పండగ లిస్టు బాధ్యత ఆ పిల్ల మీద పడింది.

ఆ వైపు ఊళ్లలో పంటలు ఇళ్లు చేరాక, ఎండలు ముదిరేలోపు ఎద్దులు వదిలే పండగ చేస్తారు. వీధికి రెండు పక్కలా వెదుళ్లు కట్టి, ఆ చివర ఎద్దును వదులుతారు. ఈ చివరికి ఎంత తొందరగా వచ్చిందో చూస్తారు. తక్కువ సమయంలో వచ్చిందే గెలుపు. మొన్నటిదాకా పద్ధతి ఏమిటంటే, ఎద్దు కదలగానే అవతలి చివర ఒకాయన తువ్వాలు ఊపుతాడు, అది చూసి ఇవతలి చివర ఇంకొకాయన వాచీ నొక్కుతాడు. పోయినేడు తువ్వాలు అంజినప్ప చేతిలో ఉంది. బేరిగై కుమారేశన్ తన ఎద్దు మచ్చరాజును తెచ్చి నిలబెట్టాడు. అది ఇంకా కదలనే లేదు, అంజినప్పకు చెమట పట్టింది. చేతిలో ఉన్న తువ్వాలుతోనే మొహం తుడుచుకున్నాడు. ఇవతలాయన వాచీ నొక్కేశాడు.

మచ్చరాజు గాలిలా వచ్చింది. లిస్టులో మాత్రం ఆఖరున నిలిచింది. బేరిగై వాళ్లు వెదుళ్లు పీకారు, ఊరివాళ్లు రాళ్లు తీశారు, పోలీసులు వచ్చారు. ఇంకొక్కసారి గలాటా జరిగితే పండగకు అనుమతే ఉండదని పైవాళ్లు తేల్చేశారు.

అందుకే కమిటీ పెద్ద, ఎరువుల అంగడి అనంతయ్య, సహనను పిలిచి ముందే హెచ్చరించాడు.

"చూడమ్మా, తువ్వాలు తప్పు చేస్తే తువ్వాలును తిడతారు. నీ కంప్యూటరు తప్పు చేస్తే నిన్ను తిడతారు. బేరిగై వాళ్లు ఇంకెవరి మాటా వినరు. కుమారేశన్ ఎద్దును తెచ్చి, లిస్టు సరిగ్గా ఉండాదని వాడి నోటితో వాడు అంటేనే ఈ పండగ నిలబడేది. లేదంటే పండగ నీ చేతిలోనే ఆగిపోయిందంటారు. జీవితమంతా అంటారు."

సహన బేరిగై పోయి అడిగింది. కుమారేశన్ బయటికి కూడా రాలేదు. "తువ్వాలు పట్టుకున్నోడూ మనిషే, కంప్యూటరు పట్టుకున్నోళ్లూ మనుషులే గదమ్మా. నా ఎద్దును మళ్లా నవ్వులపాలు చెయ్యను" అని లోపల్నుంచే అన్నాడు.

ఇదంతా తిమ్మరాయప్పకు తెలుసు. తెలిసినా ఆయనకు తెలియనట్టే ఉంటుంది. ఒక మధ్యాహ్నం సహన అంగడికి వచ్చి, పగ్గాల చుట్ట మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని పని చేసుకుంటుంటే ఆయన మెల్లగా తల దూర్చాడు.

"ఏం పాపా, ఇన్ని మీసాలు గీసి పెట్టినావు? యెవరివి?"

తెర మీద నిజంగానే వంకర బ్రాకెట్లు వరుసగా ఉన్నాయి, మెలితిప్పిన మీసాల్లా.

"ఎద్దులవి" అంది సహన. "ఒగొక ఎద్దుకు ఒగ జత. ఈ మీసం కాడ మొదలు, ఆ మీసం కాడ ఆఖరు. నడమ చూడు. ఎడమపక్క గడి పేరు, కుడిపక్క దాంట్లో ఉండే సరుకు. ఎద్దు పేరు ఇది, ఓనరు ఈయన, ఊరు ఇది, వయసు ఇంత, బరువు ఇంత, మేమిచ్చిన టోకెను నంబరు ఇది. దీన్ని జేసన్ అంటారు."

"యెవరప్పా ఆ జేసన్? మత్తూరోడా?"

"మామా! గమ్మున విను. ఓనర్లు ఫోన్లో నింపేదంతా ఇట్ల ఒగ ఫైలుగా వస్తుంది. పండగనాడు వీధిలో పెట్టే టైము పెట్టె, యే టోకెను ఎద్దు ఎంతసేపట్లో దాటిందో ఇంకో ఫైలుగా రాస్తుంది. నా ప్రోగ్రాము రెండింటినీ చదివి, ముక్కముక్క విప్పి, టోకెను నంబరు పట్టుకొని ఈ ఎద్దుకు ఈ టైమని జత కలుపుతుంది. కడాకు మూడో ఫైలు తనే రాస్తుంది. బోర్డు మీద కనబడేది అదే, మైకులో చదివేదీ అదే. నడమ మనిషి చెయ్యి పడదు."

"అయితే యెవరన్నా అబద్ధం రాస్తే?"

"దానికి ఎగతాళి తెలీదు మామా. అది మొగం చూసి చదవదు, అక్షరం చూసి చదువుతుంది."

ఆ మాట తిమ్మరాయప్ప చెవిలో తేనె బొట్టులా పడింది. మొగం చూసి చదవదట! ఈ తాలూకాలో తన మొగం చూడగానే జనం కళ్లు చికిలించుకుంటారు. మొగం చూడకుండా మాట వినేది ఒకటి పుట్టిందన్నమాట. ఆయనకు ఆ రోజంతా అంగట్లో చెయ్యి ఆడలేదు.

సాయంత్రం కొండ దారిలో పొలం గట్టున ఉన్న రాతి బసవన్న దగ్గరికి పోయాడు. ఎవరి కాలంలోదో తెలియదు, ముక్కు కాస్త విరిగింది, మెడలో మాత్రం ఎవరో వేసిన బంతిపూల దండ ఉంది. దానికి ఫోటో తీశాడు. గట్టు మీదే కూర్చుని ఫారం నింపాడు. ఎద్దు పేరు: గాలిరాయుడు. ఓనరు: కొండప్ప. వయసు అడిగిన చోట 'మా తాతకంటే పెద్ద' అని రాశాడు. బరువు అడిగిన చోట 'ఎత్తినవాడు లేడు' అని రాశాడు. పేరు మార్చాడు, ఊరు మార్చాడు. జవాబు రావాలి గనక ఫోను నంబరు మాత్రం తనదే ఇచ్చాడు. నవ్వకండి, మీరైనా అదే ఇచ్చేవారు.

ఇంటికి చేరి చెంబెడు నీళ్లు తాగేలోపు ఫోను మోగింది.

'మీ ఎద్దు గాలిరాయుడు నమోదు అయింది. ఆరోగ్యం ఎట్లా ఉంది?'

తిమ్మరాయప్ప వసారాలో చాప మీద పడి పొట్ట పట్టుకుని నవ్వాడు. వంటింట్లోంచి కాళమ్మ, "ఏమయిందయ్యా?" అంటే, "ఏమీలేదు, ఒగ తెలివైనోడు దొరికినాడు" అన్నాడు. జవాబు రాశాడు: 'ఎండకూ వానకూ కదలడు.'

'చాలా సంతోషం. మేత ఏమిటి?'

'గాలి.'

'మంచిది. రాసుకున్నాము.'

మర్నాడు ఇంకొకటి పంపాడు. ఆ మర్నాడు మరొకటి. ఏది పంపినా అటునుంచి ఒక మర్యాదైన మాట వచ్చేది. ఎకసెక్కం లేదు, 'నిజంగానా' లేదు. గాలిరాయుడు తోకతో ఈగలు తోలడని చెబితే 'మంచి గుణం' అని వచ్చింది. మొదట అది ఆటగానే ఉంది. తరువాత్తరువాత ఆయనకు ఆ మోత కోసం చెవి నిక్కేది. అంగట్లో బేరం మధ్యలో కూడా జేబు తడుముకునేవాడు. ఇన్నేళ్లుగా తాను చెప్పిన మాటను తిరగేసి బోర్లేసి చూడకుండా తీసుకున్నది ఈ మెషిన్ ఒక్కటే గదా అనిపించింది.

ఒక సాయంత్రం ఏం తోచిందో, 'గాలిరాయుడికి ఈ మధ్య సరిగ్గా నిద్ర పట్టడం లేదు' అని రాశాడు.

'ఎందుకని?'

ఆయన ఫోను జేబులో పెట్టుకుని, మళ్లీ తీశాడు. 'మాట చెబితే ఎవరూ నమ్మరని' అని రాశాడు. పంపాక, ఎద్దు మాట చెప్పడమేమిటని తానే ఉలిక్కిపడ్డాడు. ఈసారి జవాబు వెంటనే రాలేదు. వంటింట్లో పోపు వాసన వచ్చింది, అన్నం కుక్కరు కూత పెట్టింది. అప్పుడొచ్చింది.

'మేము నమ్ముతాము.'

తిమ్మరాయప్ప ఆ రోజు అన్నం తింటూ ఒక్క అబద్ధమూ ఆడలేదు. కాళమ్మ కూడా ఏమీ అడగలేదు.

పండగ ముందురోజు పొద్దున సహన అంగడికి వచ్చింది. మొహం వాడిపోయి ఉంది. ల్యాప్‌టాప్ ఆయన ముందు తిప్పి పెట్టింది.

"మామా, వచ్చే ఎద్దులకు ఉత్తుత్తి టైములిచ్చి ట్రయల్ చేసి చూసినాను. ఇది చూడు."

తెర మీద గెలిచిన ఎద్దుల లిస్టు. అన్నిటికంటే పైన, మొదటి స్థానంలో, గాలిరాయుడు. పక్కన సమయం: 0.00.

తిమ్మరాయప్పకు నవ్వు గొంతు దాకా వచ్చింది. సహన కళ్లు చూసి అక్కడే ఆగిపోయింది.

"యెవరో కొండప్ప అంట. ఆ ఎద్దు యాడుందో యెవరికీ తెలీదు. పరిగెత్తని ఎద్దుకు టైము గడి ఖాళీగా వస్తుంది. ఖాళీని నా ప్రోగ్రాము సున్నా అని చదివింది. సున్నా కంటే తక్కువలో యే ఎద్దు వస్తుంది మామా? రేపు జనం ముందర ఇది బోర్డు మీదికొస్తే? బేరిగై వాళ్లు గమ్మున ఉంటారా?"

"అయితే దాన్ని తీసెయ్యి పాపా. ఒగ గీత కొట్టెయ్యి."

"లిస్టు మీద కమిటీ వాళ్లు సంతకాలు పెట్టి స్టేషన్లో ఇచ్చేసినారు. ఇంగ ఒగ పేరు తీసేదానికి లేదు, చేర్చేదానికి లేదు. ఆ ఎద్దు వచ్చి పరిగెత్తాల. లేదంటే నా పని అయిపోయినట్టే."

తిమ్మరాయప్ప ముకుతాళ్ల కట్టను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాడు.

"పాపా, అది నేనే."

"ఏది?"

"ఆ గాలిరాయుడు. ఎద్దు కాదు అది. కొండ దావలో రాతి బసవన్న. నేనే రాసినాను."

సహన ఆయన్ని ఒక్క క్షణం చూసి తల అడ్డంగా ఊపింది.

"మామా, నా తల ఈడ మండిపోతా ఉండాది. ఇప్పుడు కూడా తమాషానా?"

"ఒట్టు పాపా!"

"పోయినసారి ఒట్టేసే మా అమ్మ చేత కరెంటు మీటరుకు పసుపు కుంకుమ పెట్టించినావు. బిల్లు తగ్గుతుందని! నేను పోతాను మామా, ఆ కొండప్పను యాడన్నా పట్టుకోవాల."

ఆమె పోయింది. తిమ్మరాయప్ప అంగట్లో నిలబడిపోయాడు. జీవితంలో అరుదుగా చెప్పిన నిజం గాలికి కొట్టుకుపోయింది. తన మాటను కళ్లు మూసుకుని నమ్మిన ఆ ఒక్క మెషినూ, ఆ నమ్మకంతోనే పిల్ల కొంప ముంచబోతోంది. నమ్మడం ఇంత ప్రమాదమని ఆయనకు ఇంతకుముందు తట్టలేదు. నమ్మించడం ఎంత బరువో అసలే తట్టలేదు.

దారి ఒకటే ఉంది. రేపు గాలిరాయుడు పరిగెత్తాలి. రాయి పరిగెత్తదు గనక, ఆ పేరు మీద ఒక ఎద్దు పరిగెత్తాలి. ఖాళీ గడి నిండితే సున్నా పోతుంది.

మొదట మత్తూరులో యతీశ్‌కు ఫోను చేశాడు. యతీశ్ దగ్గర పరుగు ఎద్దులున్నాయి. "నాయి రెండూ ఎప్పుడో నమోదైపోయినాయి, ఇంగ యాడ తెచ్చేది? అయినా నీకు ఎద్దు యాలప్పా? ఈసారి యెవరికి టోపీ?" అని నవ్వి పెట్టేశాడు. తన ఎక్సెల్ మోపెడ్ తీసి చుట్టుపక్కల ఊళ్లు తిరిగాడు. ఉన్న ఎద్దులన్నీ లిస్టులో ఉన్నాయి. లిస్టులో లేనివి దుక్కి దున్నేవి, పరిగెత్తమంటే పడుకునేవి. ఒకాయనైతే తిమ్మరాయప్పను చూడగానే ఎద్దును కొట్టంలోకి తోలి తలుపేశాడు.

ఎండ దిగేసరికి ఆయనకు అర్థమైంది. ఈ చుట్టుపట్ల లిస్టుకెక్కని పరుగు ఎద్దు ఒకటే మిగిలింది. బండి బేరిగై వైపు తిప్పాడు.

కుమారేశన్ సూళగిరి ఎస్టేట్లో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తాడు. షిఫ్టు దిగి వచ్చి, మోటారు షెడ్డు దగ్గర మచ్చరాజును కడుగుతున్నాడు. తెల్లని ఒంటి మీద వీపు దగ్గర ఒకే ఒక నల్ల మచ్చ, తడికి నిగనిగలాడుతోంది. కుమారేశన్ భార్య అముద గుమ్మంలో కూర్చుని పూలు కడుతోంది.

"రాప్పా తిమ్మరాయప్పా. ఏం, ఈపొద్దు నా వంతా?"

తిమ్మరాయప్ప బండికి స్టాండు వేశాడు. తడి నేల మీద గొంతుక్కూర్చున్నాడు. కుమారేశన్ చేతిలోని గడ్డి చుట్ట ఎద్దు వీపు మీద ఆగిపోయింది.

"ఏమయింది? ఇంట్లో అందరూ బాగుండారా?"

అప్పుడు చెప్పాడు. రాతి బసవన్న దగ్గర్నుంచి సున్నా దాకా అంతా చెప్పాడు. మధ్యలో ఎక్కడా నవ్వలేదు, ఎక్కడా మసాలా కలపలేదు. మసాలా లేకుండా మాట ఇంత చిన్నదిగా ఉంటుందని ఆయనకే ఆశ్చర్యమేసింది.

"నీకు లిస్టు మీద నమ్మకం లేదు, నాకు తెలుసు. దాన్ని నమ్మమని అడిగేదానికి రాలేదు. నా నోటి దూలకు ఆ పాప పేరు పోతా ఉండాది కుమారేశా. నీ ఎద్దు నా అబద్ధం మీద ఒగసారి పరిగెత్తితే అది నిజమైపోతుంది. నన్ను నమ్మాల్సిన పని లేదు. రేప్పొద్దన వచ్చి చూడు, కొండ దావలో ఆ రాయి లేకుంటే నువ్వే నా తల పగలగొట్టు."

గుమ్మంలో అముద కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జాలి పడుతోందనుకున్నాడు తిమ్మరాయప్ప.

కుమారేశన్ మళ్లీ ఎద్దును రుద్దసాగాడు. "పోయినేడు నా కొడుకు వయసు పిల్లోళ్లు కూడా నన్ను చూసి నవ్వినారు" అన్నాడు. "ఈ ఎద్దు తప్పేం లేదు. అది నవ్వులు తెలిసినదాని మాదిరి మూడు దినాలు గడ్డి ముట్టలేదు." నీళ్లు చల్లాడు. "నిన్ను నవ్వకుండా నేనెప్పుడూ చూడలేదప్పా. అందుకే వస్తా ఉండాను. బహుమతి కోసం కాదు. ఏం పేరన్నావు? గాలిరాయుడా? కానీలే. దీనికి చదివేది రాదు గదా."

పండగ రోజు వీధి రెండు పక్కలా జనం. మిద్దెల మీద జనం, ట్రాక్టర్ల మీద జనం. తువ్వాలు పదవి పోయిన అంజినప్పకు ఓదార్పుగా ఈసారి మైకు ఇచ్చారు. రెండు చివర్లా చిన్న పెట్టెలు నిలబెట్టారు. పందిరి కింద సహన ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. పక్కన అనంతయ్య కుర్చీలో నిలవలేక లేస్తూ కూర్చుంటున్నాడు. తిమ్మరాయప్ప వెదుళ్లకు ఆనుకుని గాలిరాయుడి పిలుపు కోసం చూస్తున్నాడు.

మైకు గరగరలాడింది. "వచ్చేది బేరిగై ఎద్దు! ఓనరు కుమారేశన్! ఎద్దు పేరు మచ్చరాజు!"

తిమ్మరాయప్ప కళ్లు చిట్లించాడు. మచ్చరాజా? గాలిరాయుడు గదా ఉండాల్సింది? ఆలోచించే వ్యవధి లేదు, ఎద్దు వదిలారు. మొదట్లోనే దాని వెనక కాలు జర్రున జారింది. జనం 'అయ్యో' అనేలోపు లేచి, నేల అదిరేటట్టు దూసుకొచ్చి దాటిపోయింది. దాని వెనకాల దుమ్ము మాత్రం చాలాసేపు నిలబడింది.

ఆఖరి ఎద్దు దాటాక బోర్డు వెలిగింది. మొదటిది మత్తూరు యతీశ్ ఎద్దు. రెండోది మచ్చరాజు. రెండిటికీ తేడా కంటిరెప్పంత.

బేరిగై కుర్రాళ్లు వెదుళ్ల మీద చేతులు వేశారు. అనంతయ్య కుర్చీలోంచి లేచాడు. కుమారేశన్ తడబడకుండా నడిచి పందిరి కిందికి వచ్చాడు.

"ఈ అంకె పెట్టె రాసిందా అమ్మా, నువ్వు రాసినావా?"

సహన ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పింది. "ఇది పెట్టె రాసిన ఫైలు అన్నా. ఇది మీ ఇంట్లో నింపిన ఫైలు. ఇది రెండూ కలిసింది. మీరే చూడండి."

ఆయన ఒక్కో వరుసా వేలు పెట్టి చూశాడు. టోకెను నంబరు ఇక్కడా అక్కడా ఒకటేనా అని చూశాడు. అంకె దగ్గర వేలు ఆపాడు. వెనక్కి తిరిగి తన ఊరివాళ్ల వైపు గొంతెత్తాడు.

"వదలండ్రా! మొదట్లోనే కాలు జారింది, నేను చూసినాను. ఈ అంకె నిజమే. లిస్టు సరిగ్గా ఉండాది!"

చేతులు వెదుళ్ల మీది నుంచి జారిపోయాయి. ఎవరో తప్పెట అందుకున్నారు. అనంతయ్య కుర్చీలో కూలబడి, నీళ్ల సీసా ఎత్తి, మూత తీయకుండానే తాగబోయాడు. సహన కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది.

జనం పలచబడ్డాక తిమ్మరాయప్ప పందిరి కిందికి చేరాడు.

"పాపా, ఒగ మాట. లిస్టు మార్చేదానికి లేదంటివి. గాలిరాయుడు యాడబోయినాడు? మచ్చరాజు యెప్పుడొచ్చినాడు?"

"మచ్చరాజు మొదట్నించీ ఉండాడు మామా. అముదక్క గడువులోనే నమోదు చేసింది, మొగునికి చెప్పకుండా. ఎద్దు లిస్టులో ఉండాది, దాన్ని తోలుకొచ్చే మనిషే లేడు. నేను పోతే రాలేదు, పెద్దోళ్లు పోతే రాలేదు. నువ్వు నవ్వకుండా పోయి అడిగితే వస్తాడని అనుకున్నాను. నువ్వు వచ్చేసినాక అముదక్క టోకెను మొగుని చేతిలో పెట్టి చెప్పింది."

"మరి గాలిరాయుడు?"

సహన ఇంకో ఫైలు తెరిచింది. దాంట్లో ఒకే ఒక జత మీసాలు, వాటి మధ్య బంతిపూల దండ వేసుకున్న రాతి బసవన్న. పైన ఎర్ర అక్షరాలు.

"ఇది వెనక్కి తోసేసినవాటి ఫైలు. అంకె అడిగిన గడిలో 'ఎత్తినవాడు లేడు' అని రాస్తే యే ప్రోగ్రాము తీసుకుంటుంది మామా? నువ్వు పంపిన నిమిషంలోనే బయటికి గెంటేసింది. చూస్తే కింద నీ ఫోను నంబరే ఉండాది. ఆ సున్నా నేను చేత్తో టైపు చేసి నీకొక్కనికే చూపించింది."

తిమ్మరాయప్ప పందిరి గుంజ పట్టుకున్నాడు.

"అయితే ఆ జవాబులు? సంతోషమని, మంచి గుణమని... అన్నీ నువ్వే రాసినావా?"

"నాకంత తీరిక యాడిది మామా? నువ్వు ఇల్లు చేరేలోపే కమిటీ ఫోను ఇంకొకరికి ఇచ్చినాను. ఆమె నోటితో చెప్తే చాలు, ఫోనే టైపు చేసుకుంటుంది."

సహన చెయ్యి చూపిన వైపు తిమ్మరాయప్ప తిరిగాడు. పందిరి అంచున కాళమ్మ నిలబడి ఉంది. బొడ్లో ఒక కొత్త ఫోను, చేతిలో బొరుగుల పొట్లం.

"నువ్వా? వసారాలో నేనుంటే, వంటింట్లో నించి... అన్నీ నువ్వేనా?"

కాళమ్మ పొట్లం ఆయన చేతిలో పెట్టి, భుజం మీది దుమ్ము దులిపింది.

"ఏమయ్యా, ఇన్నేండ్లు నీతో కాపురం చేసి ఆ మాత్రం నేర్చుకోనా?"